బండి వెనక బరువు

మా యూనిట్‌లో ఫోర్క్‌లిఫ్ట్‌కి నాలుగు చక్రాలు, రెండు ఫోర్కులు, ఒక డీజిల్ ఇంజను, ఒక చెన్నకేశవులు ఉండేవి. కొత్తగా వచ్చిన లారీ డ్రైవర్లకి ఈ మాట చెబితే వేళాకోళం అనుకునేవాళ్లు. కాసేపు నిలబడి లోడింగ్ చూశాక అలా అనుకునేవాళ్లు కాదు.

నా పేరు షహనాజ్. కారంపూడి నుంచి మాచర్ల పోయే రోడ్డు పక్కన నాపరాళ్లు కోసి, పాలిష్ పట్టి, చెక్క పెట్టెల్లో బిగించి పైఊళ్లకు పంపే యూనిట్ మాది. మాది అన్నానే గానీ యజమాని అమరేశ్వరరావు గారు. నేను గేటు దగ్గర కాటా గదిలో కూర్చునే ఉద్యోగిని. లారీ వచ్చేటప్పుడు ఖాళీగా తూస్తాను, పోయేటప్పుడు సరుకుతో తూస్తాను. డ్రైవర్లు బతిమాలతారు, దబాయిస్తారు, చెల్లెమ్మా అని వరస కలుపుతారు. కాటా మీద అంకె మారదు. ఈ ఉద్యోగం చేసీ చేసీ నాకు మొహమాటం పూర్తిగా పోయిందని మా అమ్మ గొడవ.

చెన్నకేశవులు గురించి చెప్పాలంటే ముందు ఆ బండి గురించి చెప్పాలి. ఎక్కడో నున్నటి గచ్చు వేసిన గోడౌన్‌లో అట్టపెట్టెలు మోసి మోసి ముసలిదైపోయిన ఫోర్క్‌లిఫ్ట్‌ని అమరేశ్వరరావు గారు కొనుక్కొచ్చారు. బండి కొనేవాడు ఏం ఎత్తాలి, అది ఎంత పొడుగు, ఏ నేల మీద తిరగాలి అని మూడు ప్రశ్నలు వేసుకోవాలట. మా అయ్యగారు ఒకటే ప్రశ్న వేశారు, ఎంతకిస్తావని. బండి మీద రేకు ప్లేటుకి రెండు టన్నులని రాసుంది, మనకది చాలన్నారు.

ఆ ప్లేటు అబద్ధం చెప్పలేదు. పెట్టె పొట్టిగా ఉండి, ఫోర్కుల మొదట్లో ఆనుకుని ఉంటే రెండు టన్నులు ఎత్తుతుంది. మా పెట్టెలు పొడుగు. పొడుగు పెట్టె పెట్టినప్పుడు బరువు ముందుకు జరుగుతుంది, తక్కెడలో ఒక పళ్లెం దూరంగా జరిపి కట్టినట్టు. తక్కెడ ముల్లు ముందు చక్రాల దగ్గర ఉందనుకుంటే, పెట్టె ఒకవైపు, బండి వెనక ఉండే ఇనప దిమ్మ ఇంకోవైపు. పెట్టె గెలిచిందంటే వెనక చక్రాలు లేస్తాయి. ఈ బండికి స్టీరింగు తిరిగేది వెనక చక్రాలతోనే కాబట్టి అవి లేస్తే డ్రైవర్ చేతిలో ఏమీ ఉండదు.

వచ్చిన వారంలోనే అది జరిగింది. అప్పటికి చెన్నకేశవులు హమాలీ. పద్దెనిమిదేళ్ల నుంచి క్వారీల్లో, లారీల మీద రాళ్లు మోసినవాడు. మనిషి భారీ, అప్పుడే నూరు కిలోలకి పైన ఉండేవాడు. ఆ ఒంటినీ రాళ్లనూ కలిపి మోసిన మోకాళ్లు అరిగిపోయి, బల్ల మీద నుంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సిన స్థితికొచ్చాడు. ఇంక మోయలేనని, ఏం చేసి బతకాలో తెలియడం లేదని భార్య దగ్గర ఏడ్చిన రోజులవి. ఆ రోజు పొడుగు పెట్టె ఎత్తగానే బండి వెనక తేలింది. డ్రైవర్ కొండలు కేక పెట్టాడు. పక్కనే ఉన్న చెన్నకేశవులు ఆ మోకాళ్లతోనే ఎట్లా ఎక్కాడో ఎక్కి, వెనక దిమ్మ మీద కూలబడ్డాడు. బండి నేలకి ఆనింది. పెట్టె లారీ ఎక్కింది.

అమరేశ్వరరావు గారు ఆఫీసు గుమ్మంలో నిలబడి ఇదంతా చూశారు. ఇంకొకరైతే బండి చాలడం లేదని అనుకునేవాళ్లు. ఆయన, మనిషి దొరికాడనుకున్నారు. "ఏరా చెన్నకేశా, రేపటి నుంచి నువ్వు రాళ్లు మొయ్యబాకు. పెద్ద పెట్టె ఎత్తినప్పుడల్లా ఆడ కూర్చో" అన్నారు.

అలా మోకాళ్లు పోయిన హమాలీకి కూర్చుని చేసే పని దొరికింది. గోనెసంచి నాలుగు మడతలు వేసి దిమ్మ మీద పరుచుకుని, దాని మీద తుండు వేసుకుని, ఒక చేత్తో బండి పైకప్పు ఊచ పట్టుకుని కూర్చునేవాడు. కొండలు వెనక్కి తిరిగి "బావా, ఎక్కావా" అంటాడు. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు, కొండలుది నాదెండ్ల, ఆ పక్క పత్తి మిల్లులో బండి నేర్చుకుని వచ్చినవాడు. "ఎక్కా, కానీ" అంటాడు ఈయన. అప్పుడే ఫోర్కులు లేస్తాయి. యూనిట్‌లో ఎవరూ ఆ పనికి పేరు పెట్టలేదు. ఎవరైనా అడిగితే తనే "నేను బరువు" అని చెప్పుకునేవాడు.

అందులో ఆయనకి గర్వం ఉండేది. అన్నం దగ్గర నాలుగో ముద్దకే మనం చాలించుకుంటే ఆయన గోంగూర పచ్చడి గిన్నె ఇంకోసారి దగ్గరికి జరుపుకునేవాడు. ఎవరైనా నవ్వితే "నేను తినేది నాకా ఏంది? బండికి" అనేవాడు. నాకు ఆ మాట విన్నప్పుడల్లా నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది. అది చేయకూడని పని. బండి మీద డ్రైవర్ తప్ప ఇంకో మనిషి ఉండకూడదని ఆ రేకు ప్లేటు పక్కనే బొమ్మ వేసి మరీ ఉంది. చెన్నకేశవులు సరిగ్గా ఆ బొమ్మకి వీపు ఆనించి కూర్చునేవాడు.

దీనికి తోడు ఒక ఆచారం పుట్టింది. ప్రతి ఏడూ ఆయుధ పూజ నాడు బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక, చెన్నకేశవులుకి కూడా బొట్టు పెట్టి దండ వేస్తారు. తర్వాత ఆయన్ని నా కాటా మీద నిలబెడతారు. లారీలు ఎక్కే కాటా మీద నడిమధ్యన ఒక్క మనిషి. మా కాటా పదేసి కిలోల లెక్కన తప్ప చూపదు. గేటు మీద ఎర్ర అంకెల బోర్డు వెలుగుతుంది, నూట ముప్పై. అందరూ చప్పట్లు కొడతారు. "మన బండికి ఇంకో ఏడాది ఢోకా లేదు" అని అమరేశ్వరరావు గారు ప్రకటిస్తారు. వేరేచోట్ల బండికి బ్రేకులూ గొలుసులూ చూసి ఫిట్‌నెస్ ఇస్తారు. మా దగ్గర మనిషిని తూచి ఇచ్చేవాళ్లు. ఏళ్ల తరబడి ఆ అంకె నూట ముప్పై దగ్గరే ఉంది.

ఈ వేసవిలో బండికి ఏదో అయింది.

ముందుగా కనిపెట్టింది కొండలే. స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతోందన్నాడు. బండి సంగతిలో కొండలుకి చాదస్తం. పొద్దున్నే వచ్చి రాతిపొడి పట్టిన ఎయిర్ ఫిల్టర్ తీసి గాలి కొడతాడు. ఇంజను ఆయిలు, హైడ్రాలిక్ ఆయిలు పుల్ల ముంచి చూస్తాడు. గొలుసులు తుడిచి ఆయిలు పూస్తాడు. ఫోర్కుల మడత దగ్గర చీలిక ఏమన్నా వచ్చిందేమోనని వేలితో తడుముతాడు. "దానికి చేసే సేవలో సగం ఇంట్లో చేస్తే నీ పెళ్లాం నిన్ను నెత్తిన పెట్టుకుంటది గదరా" అని చెన్నకేశవులు ఏడిపించేవాడు. అలాంటి కొండలు చూసి చూసి, బండిలో తనకేమీ తేడా కనపడటం లేదన్నాడు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం పొడుగు పెట్టె లారీ ఎత్తుకి తీసుకెళ్తుండగా వెనక చక్రాలు లేచాయి. చెన్నకేశవులు దిమ్మ మీద ఉండగానే లేచాయి. నేను కాటా గది కిటికీలోంచి చూశాను. మోకాలెత్తు లేచి, గాల్లో ఒక్క క్షణం ఎటూ కాకుండా ఊగి, దబ్బున కిందపడింది బండి. పెట్టె మూల పగిలింది. మనుషులకేం కాలేదు. చెన్నకేశవులు చాలాసేపు దిమ్మ మీద నుంచి దిగలేదు. మోకాళ్ల నొప్పేమో అనుకున్నారు అందరూ. సాయంత్రం నా గది దగ్గరికి నీళ్లకి వచ్చి, "పైకి లేచినప్పుడు అంతా కనపడిందమ్మాయ్. పెట్టె జారితే బండి వెనక్కి పడి నా మీదికే వచ్చిద్ది. నేను దూకితే కొండలు పోతాడు. దూకకూడదని గట్టిగా పట్టుకున్నా" అన్నాడు.

నరసరావుపేట నుంచి మెకానిక్ వెంకట్ వచ్చాడు. ఫోర్కుల్ని మోసే నిలువు చట్రం, మాస్టు, ముందుకు వాలుతోందన్నాడు, సిలిండర్ సీళ్లు మార్చాడు. గొలుసు సాగిందన్నాడు, గొలుసు మార్చాడు. టైర్లలో గాలి చూశాడు. నిజంగానే నాలుగు రోజుల తర్వాత బండి దారిలో పడింది. స్టీరింగ్ బరువొచ్చింది, వెనక లేవడం మానేసింది. వెంకట్ పనితనం గురించి అమరేశ్వరరావు గారు వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నారు. వెంకట్ కూడా నమ్మాడు.

నేను మాత్రం నమ్మలేదు. కాటా దగ్గర కూర్చునేదాన్ని, పెట్టెల బరువు నాకు తెలుసు. అవి మారలేదు. బండి బరువూ మారలేదు. ఆ తక్కెడలో ఇంక తూచనిది ఒక్కటే ఉంది.

పైగా మా అమ్మకి షుగరు. ఆ జబ్బు మనిషిలోకి ఎలా వస్తుందో మా ఇంట్లో అందరం చూశాం. చెన్నకేశవులు నా గదిలో నీళ్ల క్యాను దగ్గరికి మాటిమాటికీ వస్తున్నాడు. తాగిన గ్లాసు పెట్టకముందే గోడ వెనక్కి పోతున్నాడు. చొక్కా మెడ దగ్గర రెండు వేళ్లు పట్టేంత వదులైంది. మొహం పీక్కుపోయింది. పొట్ట మాత్రం అలాగే ఉంది. అదే నాకు అర్థం కాలేదు. మొహం తగ్గి పొట్ట తగ్గని మనిషిని నేను చూడలేదు.

అర్థమైంది ఆయన నా గదిలో చెక్కబల్ల మీద కూర్చున్నప్పుడు. మనిషి కూర్చుంటే బల్ల కిర్రుమంటుంది. ఆ రోజు ఠక్కుమంది, రాయి చెక్కకి తగిలినట్టు.

"ఏంది బాబాయ్ ఆ చప్పుడు" అన్నాను.

"ఏం లేదమ్మాయ్."

"చొక్కా ఎత్తు."

ఆయన గుమ్మం వైపు చూసి, లేచి తలుపు దగ్గరికి వేసి, చొక్కా ఎత్తాడు. గోనెసంచి చీల్చి దబ్బనంతో కుట్టిన పట్టీ ఒకటి నడుముకి చుట్టి ఉంది. దానికి వరసగా జేబులు. జేబుల్లో కటింగ్ మిషను దగ్గర పారేసే నాపరాతి ముక్కలు. పట్టీ ఒరుసుకుని చర్మం ఎర్రగా కమిలిపోయింది. వెంకట్ సీళ్లు మార్చి వెళ్లాక బండి ఎందుకు బాగుపడిందో అప్పుడు తెలిసింది.

నాకు కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది గానీ కోపమే ముందు బయటికొచ్చింది. "నీకు మతి ఉందా? షుగరు చూపించుకున్నావా?"

"చూపించుకున్నా. ఊళ్లో డాక్టరు మాత్రలిచ్చాడు. వేసుకోవట్లా."

"ఎందుకని?"

"మాత్రలేసుకుని తిండి తగ్గించమన్నాడమ్మా. ఇప్పటికే మనిషిని తగ్గిపోతన్నా. తిండి గూడా తగ్గిస్తే బరువు యాడ నిలబడిద్ది? అందుకే ఇంకాస్త ఎక్కువ తింటన్నా."

షుగరు వచ్చిన మనిషి బరువు పెరగాలని రెండో విడత అన్నం పెట్టించుకుని తింటున్నాడు. ఇలాంటి తెలివి మా యూనిట్‌లో తప్ప ఇంకెక్కడా పుట్టదు. నేను చెడామడా తిట్టాను. ఆయన తల వంచుకుని అన్నీ విన్నాడు. చివరికి ఒక్క మాటే అన్నాడు.

"మోకాళ్లు లేవు. బరువూ లేదు. ఇంక నా దగ్గర ఏముందమ్మా?"

దసరా దాకా ఎవరికీ చెప్పొద్దని చేతులు పట్టుకున్నాడు. రోజూ నా ఎదురుగా మాత్ర వేసుకోవాలనీ, పండగ మర్నాడు నరసరావుపేట ఆస్పత్రికి రావాలనీ ఒట్టు పెట్టించుకుని సరేనన్నాను. ఆ రోజు నుంచి చక్కెర లేని టీ ఇస్తే కషాయం తాగినట్టు మొహం పెట్టి తాగేవాడు.

దసరా ఎందుకన్నాడంటే, దానికి ఒక కారణం ఉంది. అమరేశ్వరరావు గారి అమ్మాయి లహరి ఈ ఏడాదే యూనిట్ పనులు చూడటం మొదలుపెట్టింది. వేసవిలో బండి లేవడం ఆమె కూడా చూసింది. అప్పటి నుంచి మూడు టన్నుల కొత్త బండి కొందామని తండ్రి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. పెట్టెల బరువులు నన్ను అడిగింది, పొడుగులు కొండల్ని అడిగింది. బ్యాటరీ బండి చప్పుడు చేయదు, పొగ ఉండదని ముందు అటు మొగ్గింది. మన దగ్గర రాళ్లు కోసిన నీళ్లూ బురదా ఎప్పుడూ ఉంటాయి, లోడింగ్ దగ్గర ఏటవాలుంది, ఛార్జింగుకి మంచి చోటు లేదు, డీజిలే నయం అని కొండలు చెప్తే ఒప్పుకుంది. గుంతల నేలకి గాలి టైర్లు, పొడుగు పెట్టెలకి పొడుగు ఫోర్కులు అని ఇద్దరూ కలిసి తేల్చారు.

"అంతా బాగానే ఉంది గానీ, మనకి చెన్నకేశవులు ఉన్నాడు గదమ్మా" అన్నారు తండ్రి.

"మనిషిని నమ్ముకుని బండి నడుపుతామా నాన్నా?"

"ఇన్నాళ్లూ నడవలా?" ఆయన ఒక పందెం కట్టారు. "పండగనాడు తూద్దాం. వాడి బరువు వాడికుంటే పాత బండే. తగ్గాడా, నువ్వు చెప్పిన బండి కొందాం."

ఈ మాట మధ్యాహ్నానికల్లా యూనిట్ అంతా పాకింది. కొత్త బండి వస్తే చెన్నకేశవులుకి పని ఉండదు. ఆయన మళ్లీ రాళ్లు మోయలేడు. అది చిన్నపిల్లాడిక్కూడా తెలుసు.

ఆయుధ పూజ రోజున ఆయన అందరికంటే ముందొచ్చాడు. కొత్త పంచె, కొత్త చొక్కా. నా గది వెనక్కి పోయి చాలాసేపు ఉన్నాడు. బయటికి వచ్చేసరికి నడుము ఇంకా లావుగా ఉంది, మొహం నిండా చెమట. గోడ పట్టుకుని అడుగులు వేస్తున్నాడు. అనాల్సింది అంతకుముందు రోజే అన్నాను, ఆయన వినలేదు.

బండి కడిగారు. అరటిపిలకలు కట్టారు. గుమ్మడికాయ కొట్టారు. చెన్నకేశవులుకి దండ వేశారు. ఆయన కాటా ఎక్కి మధ్యకి నడిచి నిలబడ్డాడు. బోర్డు మీద అంకెలు తడబడి, నిలబడ్డాయి. నూట ముప్పై.

చప్పట్లు. అమరేశ్వరరావు గారి ఆనందం అంతా ఇంతా కాదు. "చూశావా లహరీ" అన్నారు. లహరి మొహం మాడ్చుకుంది. పందెం పందెమే. చెన్నకేశవులు నా కిటికీ వైపు చూశాడు. గెలిచినవాడి మొహంలా లేదది, ఊపిరి తీసుకోవడానికి కాస్త సందు దొరికినవాడిలా ఉంది. నేనూ ఊపిరి వదిలాను. సీటు నిలిచింది, రేపు ఆస్పత్రికి పోవచ్చు అనుకున్నాను.

అమరేశ్వరరావు గారు అక్కడితో ఆగితే బాగుండేది. సంతోషం ఎక్కువైతే ఆయనకి ఉపాయాలు పుడతాయి.

"ఇంకో మాట. వచ్చే నెల నుంచి ఇంకా పొడుగు పెట్టెల ఆర్డరు వచ్చింది. ఒకడు చాలకపోతే ఇద్దరు. ఒరేయ్ తిరుపతిరావూ, రేపటి నుంచి నువ్వు గూడా మీ మామ పక్కన ఎక్కు. మామా అల్లుళ్లిద్దరూ కూర్చుంటే కొండనైనా ఎత్తొచ్చు."

తిరుపతిరావు చెన్నకేశవులు అల్లుడు. మా దగ్గరే హమాలీ. రాళ్లు మోసే పని తప్పిందని అతనికి సంబరం. అందరూ నవ్వుతుంటే ఎగిరి దిమ్మ మీదికెక్కి, మామ గోనెపట్టా మీద కూర్చుని, కాళ్లు ఊపాడు. అతని భార్య, చెన్నకేశవులు కూతురు, చంకలో బిడ్డతో పూజ చూడటానికి వచ్చి అక్కడే నిలబడి ఉంది. ఆమె కూడా నవ్వుతోంది.

చెన్నకేశవులు నవ్వలేదు. కాటా మీదే నిలబడి అల్లుడి వైపు చూశాడు.

"దిగరా, అయిపోయిందిగా" అన్నారు అమరేశ్వరరావు గారు.

"ఉండండయ్యా."

మెడలో దండ తీసి పక్కన పెట్టాడు. చొక్కా గుండీలు విప్పాడు. పట్టీ జేబులోంచి ఒక రాయి తీసి కాటా అవతల నేల మీదికి విసిరాడు. తర్వాత ఇంకోటి. ఏం జరుగుతోందో ఎవరికీ అర్థం కాలేదు. రాళ్లు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. బోర్డు మీద అంకె నూట ఇరవై అయింది. పంచె మడతలో కట్టుకున్నవి విప్పాడు. నూట పది. ఆఖరికి పట్టీ మొత్తం ఊడదీసి అవతల పడేశాడు. నూరు. అక్కడ ఆగింది.

కొత్త చొక్కా ఆయన మీద కొయ్యకి తగిలించినట్టు వేలాడింది.

"ఇదయ్యా నా బరువు" అన్నాడు చెన్నకేశవులు. "షుగరొచ్చింది. ఎండాకాలం నుంచి తగ్గిపోతన్నా. అల్లుడా, ఆడనించి దిగు."

తిరుపతిరావు కదల్లేదు, బిత్తరపోయి ఉన్నాడు.

"దిగు అంటన్నా. వేసంగిలో అది లేచినప్పుడు నేను దాని మీద ఉండా. నువ్వు కింద నించోని చూశావు, నేను పైనించి చూశా. ఇంకో జానెడు లేస్తే ఎవరం ఉండం. నాకంటే వేరే బతుకు లేక కూర్చున్నా. నా కూతురు మొగుడు కూర్చోడు."

తిరుపతిరావు దిగాడు. అతని భార్య బిడ్డని గట్టిగా అదుముకుంది.

అమరేశ్వరరావు గారు బోర్డు వైపే చూస్తున్నారు. నా కిటికీ వైపు తిరిగి, "కాటా ఏమన్నా చెడిందేమో చూడమ్మా" అన్నారు.

"కాటా సరిగానే ఉంది సార్" అన్నాను.

ఆయన ఆఫీసులోకి పోయి కూర్చున్నారు. లహరి వచ్చి చెన్నకేశవులు చెయ్యి పట్టుకుని కాటా మీద నుంచి దింపింది. కొండలు ఆ రాళ్లన్నీ ఏరి ఒక పక్కన పేర్చాడు. పేరుస్తూ "నేను బండినంతా విప్పి చూశానే గానీ వెనక్కి తిరిగి నిన్ను చూళ్లేదు బావా" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

కొత్త బండి దీపావళి దాటాక వచ్చింది. కొనేముందు లహరి ఒక షరతు పెట్టింది. మా దగ్గరున్న అన్నిటికంటే పొడుగు పెట్టెని, మా నేల మీదే, డ్రైవర్ తప్ప ఇంకో మనిషి ఎక్కకుండా ఎత్తి చూపించాలని. అమ్మేవాళ్లు ఎత్తి చూపించారు. పాత బండిని ఇక్కడ ఇంకెవరూ వాడకుండా తుక్కుకి ఇచ్చేశారు. కొత్తదాని వెనక దిమ్మ మీద ఎవరూ ఎక్కకూడదని తెలుగులో పెద్ద అక్షరాలతో కొండలే రాయించాడు.

చెన్నకేశవుల్ని నేనూ ఆయన కూతురూ కలిసి నరసరావుపేట తీసుకెళ్లాం. చాలా ఎక్కువ ఉంది షుగరు, ఇంకొన్నాళ్లు అలాగే వదిలేస్తే మనిషే దక్కేవాడు కాదని డాక్టరు గట్టిగా చీవాట్లు పెట్టాడు. ఇప్పుడు ఇంజెక్షన్లు వేసుకుంటున్నాడు, అన్నం కొలత ప్రకారం తింటున్నాడు. పని నా దగ్గరే. లారీని కాటా మీదికి సరిగ్గా రమ్మని చెయ్యి ఊపడం, తూచేటప్పుడు కాటా మీద మనుషులెవరూ లేకుండా చూడటం. కుర్చీ వేసుకుని కూర్చుని చేసే పని. అది అమరేశ్వరరావు గారే ఇచ్చారు. ఇచ్చేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుని ఇచ్చారు గానీ, ఇచ్చారు. సరుకు బరువు తక్కువ తేలాలని డ్రైవర్లు ఖాళీ లారీ తూచేటప్పుడు కాటా మీద కాలు పెట్టి బరువు పెంచాలని చూస్తే ఈయన ఒంటికాలి మీద లేస్తాడు. ఆ విద్యలన్నీ ఆయనకి బాగా తెలుసు.

కొత్త బండి మొదటి లోడు ఎత్తిన రోజు అందరం వెళ్లి నిలబడ్డాం. చెన్నకేశవులు కూడా కుర్చీలోంచి లేచి, మెల్లగా నడిచి, బండి పక్కకి వచ్చాడు. కొండలు అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి "బావా" అని, మిగతా మాట మింగేశాడు. ఫోర్కులు పెట్టె కిందికి వెళ్లాయి. ఇంజను గట్టిగా మోగింది. పెట్టె లేచింది. బండి వెనక వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

కొండలు బండిని అలాగే ఆపి కిందికి చూశాడు. ఇంజను ఆపేశాడు.

"బావా, చెయ్యి తియ్. ఇది ఆగిద్దిలే" అన్నాడు.

అందరం అటు చూశాం. చెన్నకేశవులు కుడి అరచెయ్యి బండి వెనక దిమ్మ మీద ఉంది. వేళ్లు తెల్లబడేలా కిందికి నొక్కి పట్టుకుని ఉన్నాడు. కొండలు చెప్పేదాకా అది అక్కడుందని ఆయనకే తెలియదు.